మా ఆవిడ విరిచిన ఊరు

రండి రండి, ఇంకాస్త ముందుకు జరగండి. ఆ గుమ్మంలో నిలబడ్డాయన లోపలికన్నా రావాలి, బయటికన్నా పోవాలి, గాలి ఎటు పోవాలో తెలియక తికమక పడుతోంది. ఆ మూలనున్న ఇద్దరమ్మలూ, కోడళ్ళ ముచ్చట కాస్త కట్టిపెట్టండి, నేను చెప్పబోయేదీ ఒక కోడలి సంగతే. దగ్గేవాళ్ళు ఇప్పుడే దగ్గేయండి, మధ్యలో దగ్గితే నేను భయపడతాను. అయిందా? వినండి మరి. ఈ కథలో ఒక గోడ ఉంది. ఆ గోడ పక్కన మా అమ్మ ఉంది. అది పడేలోపు ఆవిణ్ణి అక్కణ్ణించి లేపగలమా లేదా, అదే కథ.

నన్ను మా వీధిలో కోతలరాయుడంటారు. పాత సామాన్ల బండి తోసుకుంటూ వీధులన్నీ తిరిగేవాణ్ణి. పొద్దస్తమానం అరవడమే పని, అరిచే నోరు కాస్త పెంచి చెప్పక ఊరుకుంటుందా? కానీ ఆ ఏటి వానల గురించి పెంచడానికేం లేదు. కాలవలో చేపలు తడిసి తడిసి విసుగెత్తి మా అరుగెక్కి కూర్చున్నాయి. మా కుక్క ఈత నేర్చుకుని పక్కింటి పిల్లికి నేర్పింది. నమ్మకపోతే ఆ పిల్లినే అడగండి.

నా బండిలో ఎవరూ కొనని సరుకు ఒకటుండేది. ఫ్రిజ్‌ల చుట్టూ టీవీల చుట్టూ పెట్టి పంపుతారే, తెల్లటి థర్మోకోల్, అది. తక్కెట్లో పెడితే ముల్లు కదలదు. గాలొస్తే బండి కంటే ముందు అదే ఇంటికి చేరుతుంది. నేను పారేద్దామనుకునేలోపు మా ఆవిడ ఏరి మంచం కింద దాచేది.

"ఎందుకే ఆ చెత్త?" అంటే, "మీరు ఊరికే చూస్తూ ఉండండి" అనేది.

చూస్తూనే ఉన్నాను. కాల్చిన కత్తితో థర్మోకోల్ కోస్తే కొండ వచ్చింది. కోడిగుడ్ల అట్టలు చింపి వరసగా అంటిస్తే ఇటుక గోడ వచ్చింది. గిన్నెలు తోమి తోమి అరిగిన స్పాంజిని తుంపి ఆకుపచ్చ రంగులో ముంచితే పొదలు. టీ కాచేసిన పొడి ఎండబెట్టి జిగురు మీద చల్లితే మట్టి నేల. చీపురుపుల్లలు కంచె, సీసా మూతలు బావులు. నిజం చెప్తున్నా, ఒకసారి ఆవిడ చేసిన కొండ చూసి మేకొకటి ఎక్కబోయింది.

ఇదంతా ఎవరికోసమంటే, సిపాయిల తాతగారికి. రైలు ఆఫీసులో పని చేసి దిగిపోయినాయన. వాళ్ళింట్లో తలుపంత బల్ల ఒకటుంది. దాని మీద వేలెడేసి బొమ్మ సిపాయిలు, రెండు సైన్యాలు. ఆయనా ఆయన స్నేహితులూ చేరి పాచికలేసి, టేపు పెట్టి కొలిచి, ఆ సిపాయిల్ని అంగుళం అంగుళం జరుపుతూ యుద్ధం చేసేవాళ్ళు. ఒక్కరికీ మోకాళ్ళు వంగవు గానీ బల్ల దగ్గర నిలబడితే అందరూ సేనాపతులే. ఆ యుద్ధానికి కావలసిన కొండలూ ఇళ్ళూ వంతెనలూ మా ఆవిడే చేసిచ్చేది.

వానలు మొదలయ్యే ముందు తాతగారు మా అరుగు మీద కూర్చుని, "అమ్మాయ్, ఈసారి నాకో ఊరు కావాలి. యుద్ధంలో పాడైపోయిన ఊరు. వానలు వెలిశాక మాకు పెద్ద పోటీ ఉంది" అన్నాడు.

"పాడైన ఊరంటే ఎలా ఉంటుంది తాతగారూ?"

"ఊరు ఊరులాగే ఉంటుంది. కాకపోతే విరిగి ఉంటుంది" అని టీ తాగేసి వెళ్ళిపోయాడు.

అక్కడ పడింది ముడి. మా ఆవిడ విరిగిన ఊరు ఎన్నడూ చూళ్ళేదు. చూసిందల్లా మా ఊరొక్కటే. అందుకని మా వీధినే చేసింది. చేసి, దాన్ని విరిచింది.

రంగులు ఆరడానికి అరుగు మీద పెట్టిన రోజు జనం ఈగల్లా మూగారు. ఎవరి ఇల్లు వాళ్ళకి దొరికింది. "ఇదిగో మా మేడ!" "ఇదిగో పంపు!" అని ఒకటే సంబరం. అగ్గిపెట్టెంత క్షవరశాల కూడా ఉంది, ముందు చూరు విరిగి వీధిలో పడి ఉంది.

కత్తెర బావ అది చూసి గుండె పట్టుకున్నాడు. వరసకి బావ కాదు, వీధి మొత్తానికీ క్షవరం చేసేవాడు కాబట్టి అందరికీ బావే. "చెల్లెమ్మా, నేనేం పాపం చేశానమ్మా? మీ ఆయనకి మీసం రెండు పక్కలా ఒక్క కొలతలో ఉండేది నా చేతి చలవే కదా!"

"బొమ్మే కదన్నయ్యా" అని నవ్వింది మా ఆవిడ. అందరూ నవ్వారు.

అప్పుడొచ్చింది మా అమ్మ. మా అమ్మ కుట్టుపని చేసేది. పళ్ళ మధ్య దారం, నుదుటి మీదకి తోసిన కళ్ళజోడు, మెడలో టేపు. వంగి మా ఇంటి బొమ్మ చూసింది. కప్పు బాగానే ఉంది. వంటిల్లు బాగానే ఉంది. వీధి గది గోడ ఒక్కటే, కిటికీ ఉన్నది, మొత్తం కూలి ఉంది. మా అమ్మ మిషను పెట్టుకుని కూర్చునే చోటు అదే.

దారం పళ్ళలోంచి తీసింది. "ఇల్లంతా వదిలేసి నా గోడే దొరికిందిటే నీకు?"

"అది కాదత్తయ్యా, ఆ గోడకి..."

"తెలుసులేవే. మనసులో ఏముంటే చేతికి అదే వస్తుంది" అని లోపలికి వెళ్ళి మిషను తొక్కడం మొదలుపెట్టింది. ఆ రోజు మిషను చప్పుడు మామూలు కంటే రెండింతలు.

తర్వాత వానలు దిగాయి.

మొదట పోయింది నాలుగు వీధుల మొగలో ఉన్న గడియారం. ఎత్తయిన స్తంభం మీద ఉండేది. పాపం, టైము ఎప్పుడూ తప్పే చూపించినా పద్ధతిగా తప్పు చూపించేది. ఒక పొద్దున నేను బండి తోసుకుంటూ దాని పక్కనుంచి పోతున్నా, పైన ఏదో మూలిగింది. ముసలాయన నిద్రలో పక్కకి తిరిగినట్టు. తలెత్తేలోపు గడియారం నా బండి ముందు పడింది. ఒక్క అడుగు తేడా. ముళ్ళు ఇంకా తిరుగుతున్నాయి. నా కాళ్ళు మాత్రం ఆగిపోయాయి.

ఇంటికొచ్చి బొమ్మ చూశాను. స్తంభం ఉంది, పైన గడియారం లేదు. కింద ముక్కలై పడి ఉంది. నేను చూసిన చోటే.

ఎవరికీ చెప్పకూడదనుకున్నాను. నా నోటి సంగతి మీకు తెలుసుగా, సాయంత్రానికి ఊరంతా తెలిసింది. అయినా అందరూ నవ్వేశారు. "కోతలరాయుడు చెప్పాడు" అంటే నవ్వాలని మా వీధిలో అలవాటు.

కత్తెర బావ చూరు పడ్డాక నవ్వు ఆగింది. లోపల ఒకాయన సగం గడ్డంతో కుర్చీలో ఉన్నాడు. చూరు చప్పుడికి లేచి పరిగెత్తాడు చూడండి, ఆ పరుగులో రెండో సగం గాలికే రాలిపోయిందట. ఇది మాత్రం నేను చూళ్ళేదు, విన్నాను. చూసిందేమిటంటే, కత్తెర బావ మా అరుగు ముందు వానలో నిలబడి గుమ్మంలోంచి లోపలున్న బొమ్మ వైపు చూస్తున్నాడు. గొడుగు చేతిలోనే ఉంది, తెరవలేదు. ఎప్పుడూ ఏదో ఒకటి వాగే మనిషి ఏమీ అనకుండా ఇంటికి పోయాడు. నాకు వెన్నులో నీళ్ళు కారినట్టయింది, అవి వాన నీళ్ళు కావు.

ఆ తర్వాత జనం గుంపులుగా రావడం మానేసి ఒక్కొక్కరే రావడం మొదలుపెట్టారు. తలుపు కాస్త తోసి, "అమ్మాయ్, మా మేడ మెట్లు కొంచెం అతికించి పెట్టవూ" అని ఒకావిడ. "మా వంటింటి పొగగొట్టం నిలబెట్టు తల్లీ, జిగురు నేనే తెచ్చుకున్నా" అని ఇంకొకాయన.

"బొమ్మ అతికిస్తే ఇల్లు అతుక్కోదండీ, మేస్త్రీని పిలిపించుకోండి" అని మా ఆవిడ మొత్తుకునేది. ఎవరు వింటారు? పోనీ అని కొన్నాళ్ళు అతికించి కూడా పెట్టింది. ఎవరిది అతికించలేదో వాళ్ళు కోపం తెచ్చుకున్నారు. పంపు దగ్గరికి మా ఆవిడ వెళ్తే బిందెలు వాటంతటవే పక్కకి జరిగేవి. ఒక మధ్యాహ్నం ఎవరో మా కప్పు మీదకి రాయి విసిరారు. ఒక పెంకు పగిలింది. గిన్నె పెట్టాం. ఆ గిన్నెలో టప్ టప్ మని పడే నీళ్ళు వింటూ నేను బొమ్మలో మా ఇంటి వైపే చూస్తూ కూర్చునేవాణ్ణి. గడియారం అయింది. చూరు అయింది. తర్వాత?

పక్క గదిలో మా అమ్మ మిషను టకటకా నడుస్తూనే ఉంది.

మా ఆవిడ బ్రష్షులు కడుగుతుంటే అడిగాను. "నిజం చెప్పు. నీ చేతిలో ఏవన్నా ఉందా?"

"జిగురు ఉంది" అంది.

"వేళాకోళం కాదే. నువ్వు విరిచినవే ఎందుకు విరుగుతున్నాయి?"

ఆవిడ బ్రష్షు దులిపి నా వైపు చూసింది. పిచ్చివాణ్ణి చూసినట్టు. "విరిగేవే విరిచాను కాబట్టి. పాడైన ఊరు నాకేం తెలుసు? వీధంతా నడిచి చూశాను. ఎక్కడ బీటుందో, ఎక్కడ చెమ్మ పట్టిందో, ఎక్కడ ఇనుము తుప్పు పట్టిందో చూసుకుని అక్కడే విరిచాను. లేనిచోట విరిస్తే అబద్ధంలా కనిపిస్తుంది కదండీ."

శకునమైతే బాగుండేది. శకునాలు తప్పుతాయి.

"అయితే మన గోడ?"

"కిటికీ పక్కన, పైనుంచి కింది దాకా. లోపల బీరువా అడ్డం ఉంది, కనపడదు. సందులోంచి చూస్తే కనపడుతుంది. ఆ రోజే అత్తయ్యకి చెప్పబోయాను. విన్నారా?"

గోనెసంచి నెత్తిన వేసుకుని సందులోకి వెళ్ళాను. వాన, మోకాలి దాకా నీళ్ళు. గోడ తడిమాను. దొరికింది. ఇక్కడ నేను పిసరు కూడా పెంచడం లేదు, ఏనుగు పట్టేంత చీలికేం కాదు అది. నా గోరు పట్టింది, అంతే. చెవి దగ్గరపెట్టాను. ఆ గోరంత చీలికలోంచి మా అమ్మ మిషను చప్పుడు వినపడింది. గోడకి అవతల కాదు, గోడ లోపలే ఆవిడ కూర్చున్నట్టు.

అన్నం కూడా తినకుండా అట్నుంచి అటే మేస్త్రీ ఇంటికి పరిగెత్తాను.

మేస్త్రీని తీసుకొచ్చాను. ఆయన గోడ మీద మునివేళ్ళతో కొట్టి, చెవి పెట్టి, పెదవి విరిచాడు. "బాగా నానిపోయింది. ఇప్పుడు ముట్టుకుంటే మొత్తం వస్తుంది. వానలు వెలిసేదాకా నేనేం చెయ్యలేను. దీని దగ్గర మాత్రం ఎవరూ కూర్చోకండి" అన్నాడు.

మా అమ్మ మిషను ఆపలేదు. "ఎంత దూరం నుంచి తెచ్చావురా ఈయన్ని? దారిలో ఏం చెప్పి తెచ్చావు?"

"ఏం చెప్పలేదమ్మా! ఆయన కళ్ళతో చూసి చెప్తున్నాడు."

"నువ్వు తెచ్చిన మనిషి నీలాగే మాట్లాడతాడు. చిన్నప్పుడు పాము పాము అని నన్ను పీటెక్కించి బెల్లం డబ్బా ఖాళీ చేశావు, మర్చిపోయాననుకున్నావా?"

"అమ్మా, ఇది పాము కాదు, గోడ!"

"గోడైతే పాములా పాకదుగా, ఉన్నచోటే ఉంటుంది. నాకు వెలుతురు ఈ కిటికీ దగ్గరే. సూదిలో దారం ఎక్కాలంటే ఇక్కడే కూర్చోవాలి. అయినా కోడలు బొమ్మ కట్టి కూల్చిందని నేను నా చోటు వదిలేసి పోవాలా? రేపు నన్నే బొమ్మ చేసి విరుస్తుంది, అప్పుడెక్కడికి పోనురా?"

వెదురు బొంగు తెచ్చి గోడకి ఆనించాను. గుడ్డలిచ్చేవాళ్ళకి అడ్డమని మా అమ్మ పీకి పారేసింది. ఆవిడ బజారుకి వెళ్ళినప్పుడు మిషను నడిమింట్లోకి జరిపాను. ఇనప మిషను, నా నడుము నాలుగు రోజులు నన్ను వంచి నడిపింది. మా అమ్మ వచ్చి, ఒక్క చేత్తో దాన్ని మళ్ళీ కిటికీ దగ్గరికి లాక్కుపోయింది. ఏడ్చాను కూడా. "నాటకాల్లో చేరరా, బాగుపడతావు" అంది. ముప్ఫయ్యేళ్ళు కోతలు కోసిన నోరు నాది, ఒక్క నిజం అమ్ముడుపోలేదు.

రోజూ బండి తీసుకుని బయల్దేరేవాణ్ణి గానీ నా అరుపు గొంతులోనే ఆగిపోయేది. ఎక్కడ ఏ డబ్బా పడ్డా గోడ పడిందనుకునేవాణ్ణి. వీధి చివర దాకా వెళ్ళి వెనక్కి పరిగెత్తుకొచ్చేవాణ్ణి. గుమ్మంలో నిలబడి వినేవాణ్ణి. టకటకా. హమ్మయ్య. మళ్ళీ బండి.

అలా ఒకసారి పరిగెత్తుకొచ్చి చూస్తే, గదిలో ఇద్దరున్నారు.

మా ఆవిడ తన సామానంతా తెచ్చి గోడకి వీపు ఆనించి నేల మీద కూర్చుంది. మిషను కాళ్ళ పక్కనే. ఒళ్ళో థర్మోకోల్, చేతిలో కత్తి. తాతగారి ఊరికి కొండలింకా బాకీ ఉన్నాయి కదా, అవి చెక్కుతోంది.

"ఇదేంటే?" అన్నాను.

"ఇక్కడ వెలుతురు బాగుంటుందట. అత్తయ్య అన్నారుగా."

మా అమ్మ మిషను ఆపి కళ్ళజోడు కిందికి దించింది. "లేవవే. ఎవరికోసం ఈ వేషాలు?"

"మీరు కూర్చుంటే పడని గోడ నేను కూర్చుంటే పడుతుందా అత్తయ్యా?"

మా అమ్మ చేతిలో గుడ్డ సర్దుకుంది. మిషను మొదలుపెట్టింది. మా ఆవిడ చెక్కడం మొదలుపెట్టింది. నేను గుమ్మంలో నిలబడ్డాను. ఇంతవరకూ ఒక మనిషి కోసం భయపడ్డాను. ఇప్పుడు ఇద్దరు. మా ఆవిణ్ణి చెయ్యి పట్టి లాగితే, "మీరు బండి చూసుకోండి" అని కళ్ళతోనే కసిరింది.

రోజులు అలాగే నడిచాయి. బయట వాన, లోపల టకటకా, కిరకిరా. థర్మోకోల్ కోస్తే తెల్లటి పూసలు లేస్తాయి. వాటికి సిగ్గుండదు, పట్టుకుంటే వదలవు. మా అమ్మ కుట్టే జాకెట్లకీ లంగాలకీ పట్టుకుని దులిపినా పోయేవి కావు. మా అమ్మ ఒకటే సణుగుడు. "పెళ్ళికూతురి జాకెట్టు మీద మంచు కురిపించావు కదే!" "ఊదకే, ఊదితే నా నోట్లోకి పోతున్నాయి!" మా ఆవిడ "సరే అత్తయ్యా" అంటూ ఇంకాస్త కోసేది.

ఒక మధ్యాహ్నం నేను అన్నానికొచ్చాను. మా ఆవిడ తల వంచి కొండకి టీపొడి అద్దుతోంది. జుట్టు మీద తెల్లగా పడి ఉంది. మా అమ్మ విసుక్కుంటూ వంగి, "తల చూసుకో, ముసల్దానివైపోయావు" అని చేత్తో దులిపింది. దులిపి, చేతికంటుకున్నదాన్ని వేళ్ళ మధ్య నలిపింది.

థర్మోకోల్ పూస నలగదు, జారిపోతుంది. ఇది నలిగింది. సున్నంలా పొడై వేళ్ళకి అంటుకుంది.

మా అమ్మ తన వేళ్ళ వైపు చూసుకుంది. తర్వాత పైకి, గోడ వైపు చూసింది. తర్వాత మళ్ళీ మా ఆవిడ తల వైపు. నేను గుమ్మంలోంచి అంతా చూస్తున్నాను. మా ఆవిడకి ఇదేం తెలీదు, టీపొడి అద్దుకుంటోంది.

మా అమ్మ వేళ్ళు చీరకి తుడుచుకుంది.

"ఇక నావల్ల కాదు తల్లీ నీ పొట్టుతో. రారా ఒరేయ్, శుభ్రంగా తిండి తింటావుగా, మిషను అటు పట్టు. నడిమింట్లోకి. నువ్వు కూడా లేవవే, ఆ చెత్తంతా తీసుకుని అటు రా. నువ్విక్కడుంటే నీ పొట్టు నా వెంటే వస్తుంది, ఎక్కడున్నా ఒకటే. లే, లే!"

ఎక్కడున్నా ఒకటే అయితే ఎందుకు లేపుతున్నావని నేనడగలేదు. నా జన్మకి అదొక్కటే నేను తెలివిగా నోరు మూసుకున్నది. మిషను పట్టాను. ఈసారి దూదిలా లేచింది. మా అమ్మ గుమ్మం దాటేదాకా మా ఆవిడ భుజం మీద చెయ్యి తియ్యలేదు. తోస్తున్నట్టే ఉంది, పట్టుకున్నట్టూ ఉంది.

నడిమింట్లో బల్బు కింద కూర్చుని, "గుడ్డి వెలుతురు, గుడ్డి వెలుతురు" అని మా అమ్మ సణుగుతూనే ఉంది. సూదిలో దారం మా ఆవిడ ఎక్కించి ఇచ్చేది.

గోడ ఇంకా నిలబడే ఉంది. నేను గది తలుపు వేసి గొళ్ళెం పెట్టాను. పెట్టినా ఆ వైపు వెళ్తే కాళ్ళు వాటంతటవే మునివేళ్ళ మీద నడిచేవి. ముగ్గురం గుసగుసగా మాట్లాడుకునేవాళ్ళం, గట్టిగా అంటే వింటుందేమోనని.

పడింది కూడా వాన లేనప్పుడే. ఆ పూట ఎండ కాసింది. నేను అరుగు మీద కూర్చుని చెప్పులు ఆరబెట్టుకుంటున్నాను. ముందు లోపల బీరువా కిర్రుమంది. తర్వాత పెద్ద చప్పుడేం కాలేదు. గోనె నిండా బియ్యం నేల మీద కుమ్మరించినట్టు వచ్చింది. దుమ్ము లేచింది. నేను "అమ్మా!" అని అరిచాను. ఊళ్ళో ఏ అరుపూ అంత దూరం పోయుండదు.

"ఇక్కడే ఉన్నాంరా, చెవులు పోతాయి!" అంది మా అమ్మ నడిమింట్లోంచి.

వెళ్ళి చూశాను. ఇద్దరూ మిషను వెనక నిలబడి ఉన్నారు. మా అమ్మ మా ఆవిడ జబ్బ పట్టుకుని ఉంది, గట్టిగా, గాజులు చర్మంలో దిగేంత. నేను గది తలుపు తీశాను. గోడ లేదు. సందూ, సందు చివర వీధీ కనపడుతున్నాయి. మా అమ్మ కూర్చునే పీట ఇటుకల కింద ఒక కాలు మాత్రం బయటపెట్టి పడుకుంది.

మా అమ్మ ఆ పీట కాలు వైపు చాలాసేపు చూసింది. "అమ్మాయ్" అంది. గొంతు ఆవిడది కాదు. "అన్నం తిన్నావా?" అంది.

"తిన్నానత్తయ్యా."

"ఇంకాస్త తిను."

ఈలోపు వీధి వీధంతా చేరింది. కత్తెర బావ నన్ను కావలించుకుని ఏడ్చాడు. మెట్ల ఆవిడ మేస్త్రీ ఇల్లెక్కడని అడుగుతోంది. గోడ పోయిందిగా, బయట నిలబడ్డవాళ్ళకి మా నడిమిల్లంతా బాహాటంగా కనపడుతోంది, బల్ల మీద తాతగారి ఊరూ కనపడుతోంది, అందులో మా ఇల్లూ, దాని కూలిన గోడా. అందరికీ ఒళ్ళు జలదరించినట్టుంది.

అప్పుడు పాల క్యాను పట్టుకుని అటుగా పోతున్న ఒకాయన, మా వీధి మనిషి కూడా కాదు, ఆగాడు. తల వంచి బల్ల మీది బొమ్మ గోడ చూశాడు. తల తిప్పి మా అసలు గోడ చూశాడు. మళ్ళీ బొమ్మ చూశాడు. నాలుక చప్పరించి అన్నాడు:

"పడ్డం పడింది గానీ, అమ్మాయి చేసినంత నీటుగా రాలేదండీ."